మెయిళ్ళు ఆపిన గంట

శనివారం మధ్యాహ్నం ఆఫీసులో ఇద్దరమే ఉన్నాం, పెద్దక్కా నేనూ. పాత కట్టడాలను కొలిచి ప్లాన్లు గీసిచ్చే ఆఫీసు మాది. పెద్దక్క యజమానురాలు. నన్ను అందరూ కంప్యూటరమ్మాయి అంటారు. బయట ముసురు పట్టింది. గదిలో తడిసిన గొడుగుల వాసన, కాగితాల వాసన.

ఆ రోజు మా ఫైళ్ళన్నిటినీ పాత క్లౌడ్ నుంచి కొత్తదానికి తరలించాలి. తరలేటప్పుడు ఒక్కో ఫైలుకీ "మీతో ఫలానా ఫైలు పంచుకున్నారు" అంటూ దానంతటదే ఒక మెయిలు పోతుంది. ఉన్నవి రెండు లక్షల ఫైళ్ళు. ముందే ఆ మెయిళ్ళ నోరు నొక్కకపోతే సోమవారం జనం నన్ను బతకనివ్వరు.

దానికి ఒక్క బటన్ చాలు. నా వేలే దాని మీదికి పోవడం లేదు.

"ఏమ్మా, ఆగిపోయావ్?" అంది పెద్దక్క.

"ఏం లేదక్కా."

ఉంది. మూడు నెలల కిందట, ఈ బటన్ పనిచేస్తుందో లేదో చూద్దామని, ఎవరికీ చెప్పకుండా ఓ గంటసేపు ఆఫీసు మెయిళ్ళన్నీ ఆపాను. ఆ గంటలో టేపు ఒక పాడుబడ్డ మిల్లు పై అంతస్తులో ఉన్నాడు.

టేపు అంటే పెద్దక్క తమ్ముడు, మా ఆఫీసులో కొలతలు తీసేవాడు. అక్క చేతుల్లో పెరిగినవాడు. నడుముకి ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుండేది కాబట్టి ఆ పేరు. మనిషి కనబడితే పలకరించేలోపే ఎత్తు చెప్పేసేవాడు. నన్ను "ఐదడుగుల రెండంగుళాలు, చెప్పులతో" అని పిలిచేవాడు. మిల్లు పాత ప్లాను ఉన్న ఫోల్డరు తెరవాలంటే అక్క అనుమతి కావాలి. అక్క మీటింగులో ఉందని ఫోను చేయకుండా, మెయిల్లోనే అడిగాడు. అది అక్కకి చేరలేదు. నేల ఎక్కడ పుచ్చిపోయిందో ఆ ప్లానులో ఎర్రగా గీసి ఉంది. చూడకుండా వాడు అటే నడిచాడు.

ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. వాడి బట్టలు మడతపెడుతూ అక్క కుప్పకూలిపోతే పక్కన కూర్చుని మంచినీళ్ళు అందించాను. నోరు మాత్రం విప్పలేదు.

కళ్ళు మూసుకుని బటన్ నొక్కాను. మెయిళ్ళు ఆగాయి. ఫైళ్ళు కదిలాయి.

రెండు నిమిషాలకి అక్క ముందున్న కంప్యూటరు టింగుమంది.

"మెయిళ్ళు ఆపేశావుగా?"

మళ్ళీ చూశాను. ఆగే ఉన్నాయి.

టింగు.

అక్క కళ్ళజోడు సర్దుకుని చదివింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "వాడమ్మా... మిల్లు ఫోల్డరు అడుగుతున్నాడు."

వాడి ఖాతాని నా చేతులతోనే మూసేసి రెండు నెలలైంది.

గదిలోకి సున్నం వాసన వచ్చింది. పాత గోడ కూలితే లేచే దుమ్ము వాసన. గొంతు గరగరలాడింది. తలుపు అవతల, నడవాలో, ఇనుప టేపు లాగిన చప్పుడు... సర్రున మళ్ళీ చుట్టుకున్న చప్పుడు. ఇంకోసారి... ఈసారి కాస్త దగ్గరగా.

టింగు. టింగు.

"అక్కా... ముట్టుకోకండి," అన్నాను గుసగుసగా.

"నన్నే అడుగుతున్నాడమ్మా. ఆ రోజు అడగనే లేదు. అడిగుంటే ఇవ్వనా? తొందరపాటు వెధవ, అడక్కుండా పోయి ప్రాణం పోగొట్టుకున్నాడని ఎంత తిట్టుకున్నానో..."

ఇక నా వల్ల కాలేదు.

"అడిగాడక్కా."

"ఏంటీ?"

"అడిగాడు. నేనే... ఆ గంట మెయిళ్ళు ఆపేశాను. మీకు రాలేదు."

నడవాలో చప్పుడు ఆగిపోయింది.

అక్క కుర్చీని కంప్యూటరుకి దగ్గరగా జరుపుకుంది. చెంప పగలగొట్టినా బాగుండేది. స్క్రీను మీద వాడి పేరుని వేలితో నిమిరింది. "అయితే వాడి తప్పేం లేదన్నమాట," అంది. "మూడు నెలలుగా తిడుతున్నానే వాణ్ణి..."

'అనుమతించు' నొక్కింది. "చూసుకో నాన్నా. మెల్లిగా చూసుకో."

మిల్లు ప్లాను దానంతటదే తెరుచుకుంది. నెమ్మదిగా జరిగి జరిగి, ఎర్రగీత దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది. నడవాలో ఏడుపు... గొంతు నొక్కుకుని, మగవాడి ఏడుపు. అక్క పరుగున వెళ్ళి తలుపు తీసింది. ఎవరూ లేరు. గడప దాకా తెల్లటి దుమ్ము.

అక్క నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. పలకరించడం మానేసింది, అంతే.

సోమవారం లెక్క సరిచూశాను. అన్ని ఫైళ్ళూ చేరాయి. ఒకటి ఎక్కువే చేరింది. తెరిస్తే ఒక గది ప్లాను. గీత వాడిదే, అంకెల రాత వాడిదే. ఆ గది మాత్రం నాది. నేను పడుకునే గది. వాడు మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి గది కొలిచి చూశాను. పొడవు సరిపోయింది. వెడల్పు, ప్లానులో కన్నా జానెడు తక్కువొచ్చింది. నేనే సరిగ్గా కొలవలేదేమో అనుకున్నాను.

ఇవాళ మళ్ళీ కొలిచాను. జానెడు మీద... నాలుగు వేళ్ళు తక్కువ.