ముందు మీరెక్కండి

పెట్టెలు మాట్లాడుకోవడం మొదలుపెట్టి మూడు గంటలైంది. ఇంతవరకు ఒక్కటి కూడా ఓడెక్కలేదు.

విశాఖ రేవులో నాలుగు క్రేన్లు పనిలేక నిలబడి ఉన్నాయి. వాటి ముందున్న ఓడలో నూట అరవై కంటైనర్లకు చోటుంది. యార్డులో ఉన్నవేమో రెండువందల పన్నెండు. వాటిలో ఏవి ఎక్కాలో, ఏవి ఆగాలో మనుషుల ప్రమేయం లేకుండా ఆ పెట్టెలే తేల్చుకోవాలి. ఆ రోజు ప్రయోగం అదే. సాయంత్రం ఆరింటికి పైలట్ వచ్చి ఓడను బయటికి తీసుకుపోతాడు. అప్పుడు టైము మధ్యాహ్నం ఒంటిగంట.

కంట్రోల్ గదిలో ఆసిరినాయుడు ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని తెర వంక చూస్తున్నాడు. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. అందులో ముప్ఫై ఏళ్ళు ఒకటే ఉద్యోగం, ఒకటే బల్ల, ఒకటే ఫోను. ఎగుమతి చేసేవాళ్ళ సరుకుకి ఓడల్లో చోటు సంపాదించి పెట్టడం ఆయన పని. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, ఆ మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక ఓడ అడ్డం వచ్చిందనేవాడు. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు కాని, ఆయన చెప్పింది చాలావరకు నిజమే.

పక్కనే తులసమ్మ నిలబడి ఉంది. ఈ ఓడలో ఆమె సరుకుకి చోటు చూడాల్సింది ఆయనే. పలాసలో నూట నలభై మంది జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘానికి ఆమె నాయకురాలు. దళారుల చేతికి ఇవ్వకుండా తమ పప్పు తామే విదేశానికి పంపుకోవడం వాళ్ళకిదే మొదటిసారి. లారీతో పాటే వచ్చి, కంటైనర్ తలుపుకి పసుపు రాసి బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టింది. సరుకు ఈ ఓడలో బయల్దేరితేనే ఆర్డరు నిలుస్తుంది. లేకపోతే రద్దు.

"ఏటి నాయుడు బాబూ, మన పెట్టె ఎక్కలేదేటి?" అని ఆమె అప్పటికి పదోసారి అడిగింది.

"ఎక్కుద్దమ్మా. మాటలవుతున్నాయి."

"మూడు గంటల బట్టీ ఏటి మాటాడుకుంతన్నాయి? పెళ్ళి సంబందమేటి?"

అసలు పెట్టెలకు మాటలెందుకొచ్చాయో చెప్పాలి. ఆ సంవత్సరం ఓడల మార్కెట్ పూర్తిగా తిక్కతిక్కగా ఉంది. ముఖ్యమైన సముద్రపు దారి ఒకటి మూతపడి, ఓడలన్నీ చుట్టు తిరిగి వెళ్తున్నాయి. పది రోజుల ప్రయాణం ఇరవై ఐదు రోజులైంది. ఉన్న ఓడలే ఉన్నాయి, దారి మాత్రం పెరిగింది. దాంతో ఓడలో చోటు రైల్లో తత్కాల్ టికెట్ అయి కూర్చుంది. పొద్దున చెప్పిన రేటు టిఫిన్ తినేలోపు మారేది. పెద్ద కంపెనీలు ముందే చోటు కొనేసుకునేవి. చిన్నవాళ్ళ పెట్టె యార్డులోనే పడి ఉండేది. "రోల్ అయిపోయింది" అనేవాళ్ళు, అంటే వచ్చే ఓడకి చూసుకోమని. వచ్చే ఓడకీ అదే మాట. ఇంకో విడ్డూరం ఏమిటంటే, అవతలి దేశాల్లో కిరాయి మూడింతలు పలుకుతుంటే, ఓడవాళ్ళు ఇక్కడి సరుకు వదిలేసి ఖాళీ కంటైనర్లు వేసుకుని పరుగెత్తేవాళ్ళు. పలాస జీడిపప్పు కన్నా పెట్టెలోని గాలికే గిరాకీ ఎక్కువన్నమాట.

దీనికి విరుగుడుగా డాక్టర్ ఇందుమతి పట్నాయక్ ఒక యంత్రం చేసింది. అరచేతంత చిన్న బోర్డు. పేరు బేరపలక. దాన్ని కంటైనర్ తలుపుకి బిగిస్తే లోపల ఏ సరుకుంది, ఎంత బరువుంది, ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది, ఎప్పటికి చేరాలి అన్నీ దానికి తెలుస్తాయి. పక్క పెట్టెల పలకలతో రేడియోలో మాట్లాడి, ఎవరి అవసరం ఎంతో తెలుసుకుని, ఓడలో చోటు పంచుకుంటుంది. ఒక పలక నేర్చుకున్నది మిగతా అన్నిటికీ వెంటనే వచ్చేస్తుంది.

మొదట్లో ఇందుమతి వాటికి మార్కెట్ లెక్కలు చూపించి నేర్పింది. పది నిమిషాల్లో అవి ఒకదాని మీద ఒకటి వేలం పాడుకుని రేటు ఆకాశానికి తీసుకెళ్ళాయి. "మార్కెట్‌ని చూపిస్తే మార్కెట్టే వచ్చింది. మంచి మనిషిని చూపించాలి" అనుకుందావిడ. రేవులో ఎవరినడిగినా ఆసిరినాయుడి పేరే చెప్పారు. ఆయన ఎవరితోనూ గొడవ పడడు, ఆయన సరుకు యార్డులో కుళ్ళిన రోజూ లేదు. ముందు "భోంచేశారా?" అని అడుగుతాడు. అవతలివాళ్ళు ఇబ్బందిలో ఉంటే "ఈసారికి మీది ఎక్కించుకోండి, మాది ఫర్లేదు" అని తన చోటు ఇచ్చేస్తాడు. ఆ తర్వాత ఇంకో ఓడ పట్టుకోవడానికి నానా తిప్పలూ పడతాడు. అది ఎవరికీ చెప్పడు.

ఆయన ఆఫీసులో ముప్ఫై ఏళ్ళ ఫోన్ సంభాషణలన్నీ రికార్డయి ఉన్నాయి. ఇందుమతి అడిగితే ఆయన కాదనలేదు. ప్రయోగం నెగ్గితే తనలాంటి వాళ్ళ బల్లలన్నీ ఖాళీ అవుతాయని ఆయనకు తెలుసు. అయినా మొహమాటం. ముప్ఫై ఏళ్ళలో ఎవరినీ కాదని ఎరగడు.

ఒక్కో పలకతో మనుషుల్ని బేరమాడించి పరీక్షించినప్పుడు అంతా అద్భుతంగా జరిగింది. ఈ రోజే మొదటిసారి రెండువందల పన్నెండింటినీ కలిపి వదిలారు. తెర మీద వాటి మాటలు వరసగా పడుతున్నాయి.

"భోంచేశారా అండీ?" అని గ్రానైట్ పెట్టె అడిగింది.

"అయిందండీ. మీరు ముందు ఎక్కండి. మాది జీడిపప్పు, ఫర్లేదు" అంది తులసమ్మ పెట్టె.

"అయ్యో, ఎంతమాట! మాది రాయండీ. రాయికేం తొందర? మీరెక్కండి."

"అబ్బే, మీరే."

రెండువందల పన్నెండు పెట్టెలూ ఇదే వరస. ఓడలో నూట అరవై చోట్లూ ఖాళీగానే ఉన్నాయి. పెళ్ళిలో అందరూ వడ్డించేవాళ్ళే అయిపోయి, విస్తరి ముందు కూర్చునే మనిషి ఒక్కడూ దొరకనట్టుంది పరిస్థితి.

ఇందుమతి తల పట్టుకుంది. "తీసుకోవడం వీటికి రావట్లేదు నాయుడు గారూ. ఇవ్వడమే వచ్చింది. తప్పు నాదే. అనుమతి లేకుండా రెండోవాళ్ళ గొంతు వాడకూడదని చట్టం. అందుకని అవతలి వైపు మాటలన్నీ తుడిచేసి, మీ మాటలే పెట్టాను."

ఇంతలో ఓడ కంపెనీ నుంచి ఫోను వచ్చింది. మూడింటికల్లా పెట్టెల జాబితా ఇవ్వకపోతే ఖాళీ కంటైనర్లు ఎక్కించుకుని వెళ్ళిపోతామన్నారు. తులసమ్మకి ఇంగ్లీషు రాకపోయినా ఆసిరినాయుడి మొహం చూసి సంగతి అర్థమైపోయింది. ఆమె కుర్చీలో కూలబడింది.

"నానేటి సెప్పాల బాబూ ఊర్లో? నూట నలభై కొంపలు. ఒక్కొక్కత్తి సేతులు సూసినావా? జీడి రసానికి తోలంతా ఊడిపోయి ఉంటాది."

ఆసిరినాయుడు లేచి దగ్గరికెళ్ళాడు. ఆమె చెయ్యి పట్టుకుందామనుకుని, చొరవ చాలక, మంచినీళ్ళ సీసా అందించాడు.

"అవతలి గొంతు కావాలి. ఇప్పటికిప్పుడు" అంది ఇందుమతి. కంప్యూటర్లో పాత కాల్స్ వెతుకుతూ ఒకచోట ఆగిపోయింది. "నాయుడు గారూ, మీరు చోటు వదులుకున్న కాల్స్ పదహారు వందల పైచిలుకున్నాయి. వాటిలో పదిహేనువందలు ఒకటే నంబరుకి వెళ్ళాయి. ఎవరండీ?"

ఆసిరినాయుడు చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. "కమలకుమారి గారని... పక్కవీధి ఆఫీసులో బుకింగ్ చూస్తారు. రొయ్యల ఎగుమతి. పాపం వారికి ఎప్పుడూ తొందరేనండి."

"ముప్పయ్యేళ్ళ బట్టీనా?" అంది తులసమ్మ. అంత దిగుల్లోనూ ఆమె మొహంలో నవ్వు తొంగిచూసింది. "ఓరి నాయనా. ఒక్కావిడికి సెప్పిన మాట ఈ పెట్టెలన్నిటికీ నేర్పేసినావు కదా బాబూ."

ఇందుమతి కూడా నవ్వాపుకుంది. తను వ్యాపార మర్యాద అనుకుని రెండువందల పన్నెండు యంత్రాలకు నూరిపోసింది ఏమిటో ఆవిడకి అప్పుడు తెలిసింది. ఆసిరినాయుడు మాత్రం నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆ సంగతి అంత తేటగా ఆయనకీ అప్పుడే తెలిసింది.

ఇందుమతి ఫోన్ చేస్తే, రెండింటికి కమలకుమారి వచ్చింది. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు, నేత చీర, చేతిలో గొడుగు. భర్త పోయి పద్దెనిమిదేళ్ళయింది. కూతురు గుంటూరులో టీచరు. ఏటా షిప్పింగ్ ఏజెంట్ల విందులో ఆవిడా, ఆసిరినాయుడూ వేర్వేరు బల్లల దగ్గర భోంచేసి, దూరం నుంచి నమస్కారం పెట్టుకునేవాళ్ళు. అంతకు మించి ఎదురెదురుగా మాట్లాడుకున్నది లేదు. మాటలన్నీ ఫోన్లోనే.

ఇందుమతి సంగతి వివరించింది. కమలకుమారి అనుమతి కాగితం మీద సంతకం పెట్టి మైకు ముందు కూర్చుంది. పాత కాల్ ఒకటి వినిపించారు. ఇరవై ఎనిమిదేళ్ళ ఆసిరినాయుడి గొంతు గదంతా వినబడింది. "భోంచేశారా మేడమ్? మీ రొయ్యల పెట్టె ఎక్కించేసుకోండి. మాది ఫర్లేదు."

కమలకుమారి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత మైకులో, "సరే అయితే. మీ మేలు మర్చిపోను" అంది.

అలా నలభై కాల్స్ అయ్యాయి. ఒక్కో ఏడాదీ గడిచేకొద్దీ ఆసిరినాయుడి గొంతు ముదురుతూ వచ్చింది. ఆవిడ జవాబు ఆలస్యమవుతూ వచ్చింది.

రెండూ ముప్పావుకి తెర మీద మొదటి కదలిక కనిపించింది. "మీరెక్కండి" అంది బియ్యం పెట్టె. "సరే అయితే. మీ మేలు మర్చిపోను" అంది ఔషధాల పెట్టె. క్రేన్ ఒకటి కదిలింది. ఒక పలకకి వచ్చింది అన్నిటికీ పాకింది. జాబితాలో నూరు చోట్లు నిండాయి. నూట యాభై నిండాయి. నూట యాభై తొమ్మిది దగ్గర ఆగింది.

మిగిలింది ఒక్క చోటు. మిగతావన్నీ వచ్చే ఓడకి ఆగుతామన్నాయి, దీనికి పోటీలో ఉన్నవి రెండు పెట్టెలు. ఒకటి తులసమ్మ జీడిపప్పు. రెండోది కమలకుమారి ఆఫీసు వాళ్ళ రొయ్యలు.

"మీరెక్కండి. మాది ఫర్లేదు" అంది జీడిపప్పు పెట్టె.

"ఫర్లేదేటి! ఇయ్యాలే ఆకరు రోజు కదా!" అని తులసమ్మ అరిచింది.

"దానికీ తెలుసమ్మా," అంది ఇందుమతి నిస్సహాయంగా. "తెలిసే ఫర్లేదంటోంది. నాయుడు గారి దగ్గర నేర్చుకుంది."

రొయ్యల పెట్టె జవాబివ్వబోతోంది. అది ఏమంటుందో గదిలో అందరికీ తెలుసు. మూడు కావడానికి ఇంకా రెండు నిమిషాలుంది. కమలకుమారి మైకు దగ్గరికి లాక్కుంది.

"వద్దు. ఒప్పుకోకు. ఆయనది అబద్ధం." అంది రొయ్యల పెట్టెతో. "ఆయనకెప్పుడూ తొందరే. మాది ఎక్కించి, తనది పట్టుకుని ఊరంతా తిరిగేవారు. నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. తెలిసీ తీసుకున్నాను, ఎందుకంటే వద్దంటే మళ్ళీ ఫోన్ చేయరేమోనని. మాది చల్లపెట్టె, కరెంటు ప్లగ్గు పెడితే రొయ్యలు నెల్లాళ్ళు అలాగే ఉంటాయి. మా యజమానికి నేను చెప్పుకుంటాను. ఈసారి మీది ఎక్కించండి నాయుడు గారూ."

జీడిపప్పు పెట్టె మూగపోయింది. దానికి నేర్పిన గొంతు ఇలాంటి చోట ఏమంటుందో ఆ ముప్ఫై ఏళ్ళ రికార్డుల్లో ఎక్కడా లేదు.

"మీరు చెప్పాలి" అంది ఇందుమతి.

ఆసిరినాయుడు మైకు ముందుకొచ్చాడు. నోరు తెరిచాడు. "అబ్బే, ఎందుకండీ..." అన్నాడు.

"బాబూ!" తులసమ్మ ఆయన భుజం పట్టుకుని ఊపేసింది. "నీ మొహమాటం తగలెయ్య! పుచ్చుకో!"

ఆయన కమలకుమారి వంక చూశాడు. ఆవిడ కళ్ళు తిప్పుకోలేదు.

"సరేనండి," అన్నాడు ఆసిరినాయుడు. ఆ ఒక్క మాటకే ఆయనకి చెమటలు పట్టాయి. "తీసుకుంటాను."

బొట్టు పెట్టిన పెట్టె గాల్లోకి లేచి, సముద్రం మీదుగా ఊగి, ఓడలో దిగింది. తులసమ్మ దాన్ని కంటికి కనిపించినంతసేపూ చూసి, కొంగుతో మొహం తుడుచుకుని, పలాసకి ఫోన్ చేసింది. అటువైపు నూట నలభై మంది కేక గదిలో అందరికీ వినబడింది.

ఏడాది తిరిగేలోపు బేరపలకలు చాలా రేవులకు చేరాయి. సింగపూర్లో అయినా, రాటర్‌డామ్‌లో అయినా పెట్టెలు రెప్పపాటులో భోజనం సంగతి అడుగుతాయి, చోటు ఇస్తాయి, అవతలి పెట్టె మొహమాటానికి ఆడే అబద్ధాన్ని పట్టుకుంటాయి, బుద్ధిగా పుచ్చుకుంటాయి. రేట్లు దిగొచ్చాయి. చిన్నవాళ్ళ పెట్టెలు యార్డులో పడి ఉండటం పోయింది. ఇందుమతికి సన్మానాలు జరిగాయి. బుకింగ్ బల్లలు ఎత్తేశారు. ఆసిరినాయుడిదీ, కమలకుమారిదీ ఒకే వారంలో పోయాయి.

డబ్బు ఇబ్బందేమీ లేదాయనకి, కంపెనీ బాగానే ఇచ్చి పంపింది. అల్లిపురంలో ఇంట్లో కూర్చుని పేపరు రెండుసార్లు చదువుతాడు. మంగళవారం పదకొండయ్యేసరికి మాత్రం చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోతుంది. ఆ టైముకే ఆవిడకి ఫోన్ చేసేవాడు. ఇప్పుడు ఇవ్వడానికి ఆయన దగ్గర చోటు లేదు, ఎక్కించడానికి పెట్టె లేదు. తను ఆవిడకి చెప్పే మాటలన్నీ లోకంలో పెట్టెలు చెప్పుకుంటున్నాయి, తనకే ఒక్కటీ మిగల్లేదు.

నాలుగు మంగళవారాలు ఓర్చుకున్నాడు. ఐదో మంగళవారం ఫోన్ చేశాడు.

"ఏ ఓడండీ?" అంది కమలకుమారి అలవాటు కొద్దీ.

"ఓడేం లేదండి," అన్నాడు ఆసిరినాయుడు. "ఊరికే చేశాను."

లైను తెగిందేమో అనుకుని ఆయన ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించాడు.

"హమ్మయ్య," అంది ఆవిడ. "ముప్ఫై ఏళ్ళకి చేశారు."