ఎర్రదీపం ఆరేదాకా

"తాతయ్యా, సెల్లు కావాలి!"

వంటింట్లో మిక్సీ గర్జిస్తోంది. ముందుగదిలో బల్ల దగ్గర వయొలిన్ తీగ బిగిస్తున్న తాతయ్య తలెత్తాడు.

"చెల్లి కావాలా? ఆ సంగతి మీ అమ్మానాన్నలతో మాట్లాడుకోవే!"

అమ్మ మిక్సీ ఆపి మరీ నవ్వింది. నాన్నకి కాఫీ పొరబోయింది.

"చెల్లి కాదు తాతయ్యా, సెల్లు! రిమోట్‌లోకి!"

ఒక్కచోట నిలవదు కాబట్టి ఆ పిల్లని అందరూ తూనీగ అంటారు. దాని చేతిలో ఉన్నది కొత్త యూనివర్సల్ రిమోట్. ఇదివరకు టీవీకొకటి, సినిమా ప్లేయర్‌కొకటి, హోమ్ థియేటర్‌కొకటి ఉండేవి. కావలసినప్పుడు ఒక్కటీ దొరికేది కాదు. రిమోట్ అంటే దూరం కదా, పేరు నిలబెట్టుకునేవి! ఇప్పుడు అన్నిటికీ ఇదొక్కటే. పుస్తకం చూసి కోడ్లు ఎక్కించింది తూనీగే.

"ఈ బటన్ నొక్కు తాతయ్యా. అన్నీ వాటంతటవే ఆనవుతాయి."

"అంతేనా?"

"అంతే!" అంటూ ఆటకి పరిగెత్తింది.

అంతే కాదు. నొక్కాక, రిమోట్ మీది ఎర్రదీపం ఆరేదాకా దాన్ని టీవీ వైపే పట్టుకోవాలి. టీవీ, ప్లేయర్, హోమ్ థియేటర్ ఒకదాని తర్వాత ఒకటి మేలుకుంటాయి. మధ్యలో దించేస్తే చివరిది నిద్ర లేవదు. ఇదంతా పుస్తకంలో ఉంది. తూనీగ చదివింది కూడా. కానీ బయట స్నేహితులు పిలుస్తున్నారు మరి.

ఆ సాయంత్రం తూనీగ సినిమా పెట్టింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి.

"ఏమిటే ఇది? హోమ్ థియేటరా, హోరు థియేటరా?" అంది అమ్మ.

"తాతయ్య కోసమేనమ్మా! పాపం, వినబడదుగా!"

బాంబులు పేలుతుంటే సోఫా అదరడం తూనీగకి సరదా. ఆ ముక్క మాత్రం మింగేసింది. రోజూ అదే హోరు, రోజూ అదే సాకు. తాతయ్య చెవి ఒకసారి తడుముకున్నాడు.

కొన్నాళ్లకి వాయిద్యాల షాపాయన వచ్చాడు. ఊళ్లో పాడైన వయొలిన్లూ గిటార్లూ ఆయన ద్వారానే తాతయ్య దగ్గరికి వచ్చేవి. తాతయ్య తన పనిముట్ల పెట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇదేంటి మాస్టారూ?"

"చెవులు పోయాయయ్యా. పగలు నేను పెట్టుకుంటే టీవీ కూడా వినబడటం లేదు. శ్రుతి వినలేనివాడు తీగ ముట్టుకోకూడదు. ఇంకెవరికైనా ఇవ్వు. బల్ల కూడా తీసుకుపోదువుగాని, బండి తీసుకురా."

ఆ పూట తాతయ్య అన్నం సగంలోనే లేచాడు.

మర్నాడు బడి ఒంటిపూటే. తూనీగ ఇంటికొచ్చేసరికి తాతయ్య ఒక్కడే టీవీ ముందున్నాడు. బటన్ నొక్కాడు. నొక్కగానే రిమోట్ ఒళ్లో పెట్టేసుకున్నాడు.

తెరమీద ఒకావిడ వయొలిన్ వాయిస్తోంది. టీవీ లోపలి చిన్న స్పీకర్లోంచి దోమ పాటంత సన్నగా వస్తోంది. తాతయ్య వాల్యూమ్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఆ బటన్ పెంచేది హోమ్ థియేటర్‌ని. అదేమో నిద్రలో ఉంది. తాతయ్య లేచి వెళ్లి, టీవీకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

తూనీగ పుస్తకాల సంచి గుమ్మంలోనే దించేసింది.

తర్వాత మెల్లిగా రిమోట్ తీసుకుంది. నొక్కింది. ఎర్రదీపం ఆరేదాకా అలాగే పట్టుకుంది.

వయొలిన్ గది నిండా మోగింది. తాతయ్య ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"నీ చెవులు పోలేదు తాతయ్యా. నేనే... నీకు సగమే చెప్పాను."

తాతయ్య తిట్టలేదు. బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. సొరుగు లాగాడు. ఖాళీ. మళ్లీ మూశాడు. తిట్టినా బాగుండేదనిపించింది తూనీగకి.

సాయంత్రం షాపాయన బండితో వచ్చాడు. తాతయ్య చెవి దగ్గరికి వంగి, గొంతు చించుకుని అరిచాడు.

"మాస్టారూ! పెట్టె పొరుగూరి కుర్రాడికి ఇచ్చేశాను! పొద్దున్నే పట్టుకెళ్లిపోయాడు! బల్ల కోసం వచ్చాను!"

తూనీగ వెళ్లి బల్లకి అడ్డంగా నిలబడింది. అమ్మ వంటింట్లోంచి వచ్చింది. నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అరవకండి అంకుల్. తాతయ్యకి బాగానే వినబడుతుంది."

"ఏంటే తూనీగా, పెద్దవాళ్ల మధ్య?" అన్నాడు నాన్న.

"చెప్పనీ నాన్నా. ఆ రోజు సెల్లు అంటే చెల్లి అని వినబడింది మిక్సీ వల్ల. నేను తాతయ్యకి చెవుడంటూ వచ్చాను. రిమోట్ ఎర్రదీపం ఆరేదాకా పట్టుకోవాలని నాకు తెలుసు. ఆటకి టైమైపోతోందని చెప్పలేదు. అందుకే తాతయ్య పెడితే సౌండు రాలేదు."

తూనీగ అమ్మ వైపు తిరిగింది.

"సాయంత్రాలు సౌండు పెంచింది తాతయ్య కోసం కాదమ్మా. నా సరదాకి. అంతా తాతయ్య మీద పెట్టేశాను. చెవులు పోయాయని తాతయ్య నమ్మింది నా వల్లే."

తాతయ్య వచ్చి బల్ల మీద చెయ్యి వేసి, "బల్ల ఇక్కడే ఉండనీవయ్యా," అన్నాడు షాపాయనతో.