మంచు చంద్రుడికి ఆఖరి ఆదేశం

యాంటెన్నా ఇంజనీరు కాఫీ కప్పు చేతిలో ఉండగానే చనిపోయాడు.

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ఆయన గోడకానుకుని నిలబడే ఉన్నాడు. ఎవరో గుడ్ మార్నింగ్ కూడా చెప్పారు. బదులు రాలేదేమిటని భుజం తడితే, కప్పుతో సహా కూలిపోయాడు.

"గుండెపోటని రాసుకున్నారు. కాదు, విషం," అన్నాడు చీఫ్, ఫొటో బల్ల మీద తోస్తూ.

ఎదురుగా కూర్చున్న ఏజెంటును డిపార్టుమెంటులో పిచ్చుక అంటారు. ఆరడుగుల పైన మనిషి. కూర్చుంటే కుర్చీ మూలుగుతుంది. ఆ పేరు పెట్టినవాడు బతికి లేడు కాబట్టి కారణం అడగడానికి వీల్లేదు.

"మిషన్ ఏంటి సార్?"

"మహాగ్రహం చుట్టూ మన నౌక ఏళ్ల తరబడి తిరుగుతోంది. దాని మబ్బుల్ని కొలిచింది, తుఫాన్లను ఫొటోలు తీసింది. ఇప్పుడు ఇంధనం అడుగంటింది. రేపు మధ్యాహ్నం ఆఖరి ఆదేశం పంపుతారు. నౌక ఆ మబ్బుల్లోకి దూకి కాలిపోతుంది."

"పంపకపోతే?"

"తిరిగి తిరిగి ఆ గ్రహపు మంచు చంద్రుడిని గుద్దుకుంటుంది. ఆ మంచు కింద సముద్రం ఉంది. అందులో ప్రాణం ఉందో లేదో ఇంకా తెలీదు. నౌకలో అణు బ్యాటరీ ఉంది, ఇక్కణ్ణించి అంటుకుపోయిన సూక్ష్మజీవులున్నాయి. వాటిని తీసుకెళ్లి అక్కడ పారబోసినట్టవుతుంది."

పిచ్చుక తలూపాడు. ఈ మాటలు అతను ఇంతకుముందే విన్నాడు. వేరే గొంతులో, ఇంట్లో, భోజనాల దగ్గర.

"ఆదేశానికి ముందు కంట్రోల్ రూమ్‌లో ఒక కోడ్ కీ కొడతారు. మన రక్షణ ఉపగ్రహాలన్నిటికీ తాళంచెవి అదే. విదేశీ ముఠా ఒకటి ఆ గదిలో ఎక్కడో పరికరం దాచింది. కీ కొట్టగానే అది వాళ్లకి చేరిపోతుంది. ఇంజనీరు ఆ పరికరాన్ని చూసుంటాడు. అందుకే పోయాడు."

"కీ మార్చేస్తే?"

"నెలలు పడుతుంది. నౌక ఆగదు." చీఫ్ కళ్లజోడు తీశాడు. "నీ చెల్లెలు పనిచేసిన చోటు అది. ఏడాది కిందట కారు లోయలో పడి ఆమె చనిపోవడం ప్రమాదం కాదని నీ అనుమానం. నాదీ అదే. ఇలాంటి కేసుకి నిన్ను పంపకూడదు. అందుకే నిన్నే పంపుతున్నాను."

పిచ్చుక ఫొటో తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ముఠాలో మనకి పనిచేసే డబుల్ ఏజెంట్ ఒకామె ఉంది. రేపటి లైవ్ ప్రోగ్రాం చేసే టీవీ యాంకర్. 'మీ ఊళ్లో వాన నేల మీద పడదటగా' అంటుంది. 'పడడానికి నేలుంటేగా' అనాలి నువ్వు."

మర్నాడు కంట్రోల్ రూమ్‌లోకి ఏసీ మెకానిక్ వచ్చాడు. మాసిన నీలం చొక్కా, అతికించిన మీసం, చేతిలో గ్యాస్ మీటరు. అది గ్యాస్ మీటరు కాదు. దాచిన ట్రాన్స్‌మిటర్ దగ్గరికి వెళ్తే వణికే డిటెక్టర్. గదిలో అడుగు పెట్టగానే వణకడం మొదలుపెట్టి ఆగలేదు. ఉన్నవన్నీ ట్రాన్స్‌మిటర్లే మరి. పిచ్చుక దాన్ని ఆపేసి జేబులో వేసుకున్నాడు.

గోడనిండా స్క్రీన్లు. మధ్య స్క్రీన్ మీద మహాగ్రహం, పాలూ రక్తం కలిపి చిలికినట్టు తిరుగుతోంది. పక్కన మంచు చంద్రుడు, కోడిగుడ్డు పెంకులా పగుళ్లు పడి ఉన్నాడు. ఒక పగులులోంచి నీటి ఆవిరి అంతరిక్షంలోకి చిమ్ముతోంది.

ఎవరో బటన్ నొక్కారు.

"ఆదేశం అందింది. థాంక్యూ అండీ."

పిచ్చుక చేతిలో స్పానర్ ఆగిపోయింది.

ఆ గొంతు పైనున్న నల్లటి స్పీకర్ పెట్టెలోంచి వచ్చింది. అతని చెల్లెలి గొంతు. చివర్న "అండీ" అనేటప్పుడు నవ్వు ఆపుకుంటున్నట్టు ఉండే గొంతు.

"భయపడకయ్యా," అంది వెనకనుంచి ఫ్లైట్ డైరెక్టర్. జుట్టు తెల్లబడిన మనిషి, కళ్లకింద నిద్రలేని నలుపు. "మా సైంటిస్టు ఒకమ్మాయి సరదాగా రికార్డు చేసింది. కన్సోల్‌లో ఆదేశం కొట్టినప్పుడల్లా పలుకుతుంది. పోయాక తీసేయమన్నారు పైవాళ్లు. ఎవరికీ చేతులు రాలేదు."

"అలవాటైపోయిందా మేడమ్?"

"ఏడాదిగా వింటున్నాం. ఇప్పుడు ఎవరూ తలెత్తి కూడా చూడరు."

గాజు తలుపు తోసుకుని యాంకర్ వచ్చింది. ఎర్ర చీర, కెమెరాలన్నీ తనవైపే తిరగాలన్న నడక. మెకానిక్ పక్కనుంచి పోతూ గాలితో మాట్లాడినట్టు అంది.

"మీ ఊళ్లో వాన నేల మీద పడదటగా?"

"పడడానికి నేలుంటేగా."

"డిష్ కింద పంపుల గదిలో ఉంది పరికరం. తొందరగా వెళ్లండి. ఇంకాసేపట్లో గ్రహం కొండల వెనక్కి దిగిపోతుంది. ఆ లోపే ఆదేశం పంపాలి వీళ్లు."

పంపుల గదిలో పరికరం లేదు. సైలెన్సర్ తగిలించిన పిస్తోలు ఉంది, దాని వెనక ఒక బట్టతల మనిషి ఉన్నాడు. మొదటి గుండు పిచ్చుక చెవి పక్కనుంచి పోయి పైపుకి తగిలింది. చిమ్మిన నీళ్లలో బట్టతల కాలు జారింది. స్పానర్ తన పని తను చేసింది.

పిచ్చుక మెట్లెక్కుతూ ఆలోచించాడు. యాంకర్ మనవైపు కాదు, వాళ్లవైపే. మరి పరికరం ఎక్కడ?

కంట్రోల్ రూమ్‌లో డైరెక్టర్ కన్సోల్ ముందు కూర్చుని ఉంది. కిటికీలోంచి తెల్లటి డిష్ కనిపిస్తోంది, కొండల వైపు వంగిపోయి. టెస్ట్ కమాండ్ వెళ్లింది.

"ఆదేశం అందింది. థాంక్యూ అండీ."

గదిలో ఎవరూ కదల్లేదు. ఒక్క మనిషి తప్ప. గాజు గోడ పక్కన నిలబడ్డ యాంకర్ ఉలిక్కిపడింది. మైకు పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. రెండోసారి పలికినప్పుడు కళ్లు మూసుకుంది.

పిచ్చుక తడిసిన బట్టలతో ఆమె పక్కన నిలబడ్డాడు. అతన్ని చూసి ఆమె మొహంలో రంగు మారింది.

"నీ బట్టతలాయన పడుకున్నాడు," అన్నాడు మెల్లగా. "ఆ గొంతు నీకెలా తెలుసు?"

"ఎవరి గొంతు?"

"కొత్తవాళ్లు ఆ పెట్టెని వింతగా చూడాలి. నువ్వు భయంగా చూస్తున్నావ్."

ఆమె మైకు కిందికి దించింది. "ఎవరు నువ్వు?"

"దాని అన్నయ్యని."

ఆమె అతని మొహంలోకి చూసింది. అక్కడ ఇంకెవరినో వెతికినట్టు.

"ఇంటర్వ్యూ అని కారెక్కించుకున్నాను," అంది చివరికి. "కీ అడిగితే చెప్పలేదు. మలుపు దగ్గర నేను దిగిపోయాను. బండి వెనకనుంచి వాళ్లు తోశారు. లోపల్నించి... 'కాస్త డోరు తియ్యండీ' అని అడిగింది. అంత మర్యాదగా. ఏ గదిలో పడుకున్నా అదే వినబడుతోంది నాకు."

పిచ్చుక పిడికిలి బిగిసింది. ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

కన్సోల్ దగ్గర డైరెక్టర్ గట్టిగా అంది: "కీ కొడుతున్నాను. అందరూ సిద్ధమేనా?"

"పరికరం ఎక్కడ?"

యాంకర్ తలెత్తి స్పీకర్ వైపు చూసింది. "ఎవరూ ముట్టుకోరని దానిలోనే పెట్టాం. ఆదేశాల తీగ దానికే కదా వస్తుంది."

"మేడమ్, ఆగండి! మీ కీ దొంగిలిస్తున్నారు!"

"ఆగితే కొంప మునుగుతుంది! గ్రహం దిగిపోతోంది!"

అప్పటికే అతను కుర్చీ మీదకెక్కి పెట్టె మూత పీకేశాడు. గొంతు ఉన్న పాత చిప్ మీద అగ్గిపెట్టెంత కొత్త పరికరం, జలగలా అతుక్కుని ఉంది. రెంటికీ కలిపి ఒకటే తీగ.

"కోస్తే ఆదేశం ఆగిపోతుందా?"

"ఆగదు. పలకడమొక్కటే ఆగుతుంది," అంది డైరెక్టర్.

"కోస్తే చిప్‌లో ఉన్నదంతా చెరిగిపోయేలా కట్టాం," అంది యాంకర్. "ఆమె గొంతు కూడా."

"ఇంకో కాపీ ఉందా మేడమ్?"

డైరెక్టర్ తల అడ్డంగా ఊపింది. ఆమె కళ్లు గడియారం మీదున్నాయి.

పెట్టె దానంతటదే పలికింది, తాకిడికేమో: "ఆదేశం అందిం..."

పిచ్చుక కట్టర్ నొక్కాడు.

డైరెక్టర్ వేళ్లు కీ కొట్టాయి. డిష్ కొండ అంచుకు ఆని ఉన్న ఆకాశంలోకి ఆఖరి మాట విసిరింది. స్క్రీన్ మీద పచ్చ దీపం వెలిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ అలవాటుగా పైకి చూశారు, ఆ థాంక్యూ కోసం. రాలేదు. ఒక కుర్రసైంటిస్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

సెక్యూరిటీ వాళ్లు వచ్చేదాకా యాంకర్ అక్కడే నిలబడింది. సంకెళ్లు వేస్తుంటే, "ఆగిపోయింది కదూ?" అని అడిగింది.

"ఇక్కడ ఆగింది," అన్నాడు పిచ్చుక. "నీకు ఆగదు."

నౌక దూకే రోజున డైరెక్టర్ అతన్ని పిలిపించింది. ఈసారి మీసం లేకుండా వెళ్లాడు. స్క్రీన్ మీద అంకెలు పరుగెడుతున్నాయి: గాలి ఒత్తిడి, అమ్మోనియా, నీటి ఆవిరి.

"ఇప్పుడు మనం చూస్తున్నది గంట కిందటి సంగతి," అందామె. "నౌక ఈపాటికి లేదు. దాని మాటలే ఇంకా వస్తున్నాయి."

అంకెలు ఒక్కసారిగా ఆగిపోయాయి. పక్కనున్న సిగ్నల్ గీత సాపుగా సాగింది.

తర్వాత ఆమె ప్రింటర్‌లోంచి ఆఖరి కాగితం చించి తెచ్చి అతనికి చూపించింది. "ఆ మబ్బుల్లో నీళ్లు తక్కువని మేమంతా. ఎక్కువని మీ చెల్లెలు. ఈ గదిలో పెద్దలందరితో గొడవపడేది. తీరా చూస్తే తనదే కరెక్టు."

పిచ్చుక కాగితం తీసుకుని జాగ్రత్తగా మడతపెట్టాడు.

"ఇంట్లోనూ అంతేనండీ," అన్నాడు. "మా చెల్లి చచ్చినా ఓడిపోయే రకం కాదు."