ఒక్క ఓటు, ఒక రేక కల్లు

“చెన్నయ్య బతికుండాలి. సాయంత్రం దాకా చాలు.”

చీఫ్ బ్రీఫింగ్ అంతటితో అయిపోయింది. రాజకీయాల్లో మనిషి ప్రాణానికి ఇంతకన్నా పెద్ద గ్యారంటీ ఎవరిస్తారు గనక!

సాయంత్రం అసెంబ్లీలో అవిశ్వాస తీర్మానం. ఎమ్మెల్యే చెన్నయ్య ఓటు లేకపోతే ప్రభుత్వం కూలుతుంది. కూలితే కొత్తవాళ్లతో గనుల లీజు రాయించుకోవాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. అందుకే ఆయనను నందికొండలోని ఒక గెస్ట్‌హౌస్‌లో దాచారు. ఏజెంట్ ఫహీం వంటవాడి వేషంలో అక్కడే ఉన్నాడు.

పొద్దున్నే కారు ఆగింది. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, చేతిలో కల్లు లొట్టి. దిగింది సుహాసిని. పైకి చెన్నయ్య పీఏ. నిజానికి ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కు సమాచారమిచ్చే డబుల్ ఏజెంట్.

“గేట్లెత్తిండ్రా?” ఫహీం కోడ్ అడిగాడు.

“చేపలకే తెల్వాలె.”

కోడ్ సరిపోయింది. అయినా విషాన్ని పసిగట్టే స్కానర్ పెన్ను లొట్టిలో ముంచాడు. పచ్చలైటు! అనుమానించినందుకు ఫహీం సిగ్గుపడ్డాడు.

చెన్నయ్య వాకిట్లో కూర్చుని తాటాకు రేకను దొప్పలా పట్టాడు. సుహాసిని కల్లు వంచింది. ఆమె ఉంగరం ఒకసారి రేకకు తగిలింది.

“జల్ది తాగుండ్రి సార్, కారు రెడీ ఉంది.”

“ఆగు బిడ్డా. సాక పొయ్యకుండ తాగుతరా ఎవరన్న?”

సుహాసిని మొహం పాలిపోయింది. మోత్కూర్ ఆడబిడ్డనని చెప్పుకునే మనిషికి, తాగేముందు నాలుగు చుక్కలు నేలకు పోస్తారని తెలియదు!

“ఈదమ్మ తల్లీ, నీకు. బాపూ గుర్వయ్యా, నీకు...” చెన్నయ్య తీరిగ్గా వంచుతున్నాడు. మధ్యాహ్నం కూరకని తెచ్చిన నాటుకోడి ఆ తడిలో ముక్కు పెట్టింది. రెండడుగులు వేసి పక్కకు ఒరిగింది. ఇక లేవలేదు.

రేక చెన్నయ్య పెదవులకు ఆనింది.

ఫహీం చేతిలోని గంటె విసిరాడు. రేక ఎగిరి అవతల పడింది. సుహాసిని చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయేలోపే అతని పిస్టల్ ఆమె నుదుటికి తగిలింది. లొట్టిలో లేని విషం ఉంగరంలో ఉంది.

“ఎప్పటినుంచి?”

“మొదట్నుంచీ నేను వాళ్ల మనిషినే. మీరే నమ్మారు.” మోత్కూర్ యాస కూడా మాయమైంది.

ఆమె మీదకన్నా ఫహీంకు తన మీదే ఎక్కువ కోపమొచ్చింది.

ఆమె చేతులు కట్టేసి, గదిలో పెట్టి తాళం వేసి, చెన్నయ్యను కారెక్కించాడు. “పోదాం సార్. గవర్నమెంటు మీ చేతిలనే ఉన్నది.”

“నేను గవర్నమెంటుకే ఓటేస్తనని నీకెవరు చెప్పిండ్రు తమ్మీ?” చెన్నయ్య మీసం తుడుచుకున్నాడు. “ముందుగాల నా మంత్రి పదవి సంగతి తేలనియ్యి.”

ఫహీం వెనక్కి తిరిగి వాకిలి వైపు చూశాడు. పాపం, కోడి ఉత్తపుణ్యానికి పోయింది.