బాలేష్ మొక్కిన మొక్కు

తెల్లవారి చెరువు నుంచి వచ్చిన బాలేష్, నెత్తి మీది చేపల గంప దించే ముందు భార్య ఎక్కడుందో చూసుకుంటాడు. ఆమె వాకిట్లో ఉంటే గంప ఇంటి వెనక్కి పోతుంది. వెనక ఉంటే వాకిట్లోనే దిగుతుంది. చంటిపిల్లకు కనబడకుండా బెల్లం దాచినట్టు, ఆ ఇంట్లో నర్మదకు కనబడకుండా చేపలు దాస్తున్నారు.

పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఇబ్రహీంపట్నం చేపల బజారులో కూర్చుని, ఎంతటి గట్టి బేరగాణ్ణయినా ఒప్పించి పంపిన మనిషి ఆమె. మొన్న వానాకాలంలో జెల్లచేప ముల్లు అరచేతిలో గుచ్చుకుంటే, పసుపు అద్ది గుడ్డ చుట్టుకుని బేరంలో పడిపోయింది. మర్నాటికి చెయ్యి మోచేతి దాకా వాచింది. ఆ వెంటనే జ్వరం, మతి తప్పడం, హైదరాబాదు దవాఖాన. విషం నెత్తురంతా పాకిందనీ, చెయ్యి సంగతి తర్వాత, ముందు మనిషి దక్కడమే కష్టమనీ డాక్టర్లు చెప్పేశారు. అయినా దక్కింది. కుడిచేతి వేళ్లు రెండు మాత్రం ఇక ముడుచుకోవు.

చూడవచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "దేవుడు బతికిచ్చిండు, ఇంకేం గావాలె?" నర్మద తలూపేది. కానీ ఎంత వెతుక్కున్నా ఆమె మనసులో కృతజ్ఞత అన్నది దొరకలేదు. ఆ మాట పైకి అంటే కండ్లు నెత్తికెక్కాయంటారని నోరు మూసుకుని ఊరుకుంది.

ఆ ఆదివారం పొద్దున వంటింట్లోకి పోతే కోడలు కరుణ అడ్డం వచ్చింది.

"నువ్వు కూసో అత్తమ్మా. మామ సూస్తే నన్ను తిడ్తడు."

"కూసోని కూసోని నడుములు వట్టుకపోయినయే. ఉల్లిగడ్డలన్న కోస్త ఇయ్యి."

"కత్తిపీట మామ దాసిండు."

నర్మదకు ఒళ్లు మండింది. విసవిసా ఇంటి వెనక్కి నడిచి, గంప మీది గోనెసంచి లాగి, చేతికందిన బొచ్చె చేపను పైకెత్తింది. కాళ్లు కడుక్కుంటున్న బాలేష్ పరుగున వచ్చి దాన్ని లాక్కున్నాడు. ఆ గుంజులాటలో చేప బురదలో పడింది.

"సావు దాక పొయ్యొచ్చినవ్, యాదున్నదా?" అని అరిచాడు.

"పొయ్యొచ్చింది నేనేనాయె, నాకెందుకు యాదుండదు? గిట్ల కూసోవెట్టనీకేనా బతికిచ్చుకున్నది? తినుడు, పండుడు, వచ్చినోళ్లకు చెయ్యి సూపిచ్చుడు. నా బతుకు గింతేనా?"

బాలేష్ బురదలోంచి చేపను తీసి గంపలో వేశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "మొక్కుకున్ననే. డాక్టర్లు ఆశ లేదన్ననాడు గంగమ్మకు మొక్కిన. దీన్ని బతికియ్యి తల్లీ, మళ్ల దీంతోని చేప ముట్టియ్య, బజారుకు తోల అన్న. మాట తప్పితే నిన్ను తీస్కపోతది."

"నా బతుకు మీద మొక్కుకునేటోనివి, నన్ను ఒక్క మాట అడగొద్దా?"

"అడిగితే జవాబు చెప్పేతట్టు ఉన్నవా గప్పుడు?"

 మొక్కు తప్పడమంటే ఆమెకూ భయమే. మొగుడి మీద కోపం ఉంది, ఆ కోపాన్ని చూపించే దారే మూసుకుపోయింది.

అంతలో గంప కోసం కమలమ్మ వచ్చింది. బజారులో పక్క పక్కనే కూర్చునేవాళ్లు ఇద్దరూ. ఇప్పుడు బాలేష్ చేపలను కూడా ఆమే అమ్మిపెడుతోంది. ఎడమచేత్తోనే గంప ఎత్తబోయింది. కుడిచెయ్యి కొంగు కింద ఉంది.

"చెయ్యికేమైంది కమలక్కా?"

"ఏంగాలే. మొన్న ముల్లు తాకింది, పసుపు వెట్టిన. ఇయ్యాల ఐతారం గదా, బేరం అయినంక సూస్కుంట."

నర్మద గబగబా దగ్గరికి వచ్చింది. ఆనాడు తానన్న మాటలే అవి. కొంగు తప్పించి చూసింది. మణికట్టు దాటి వాపు, చర్మం ఎర్రగా నిగనిగలాడుతోంది. ఒళ్లు పట్టుకుంటే కాలుతోంది.

"బేరం లేదు, ఏం లేదు. నడు దవాఖానకు!"

"జర ఆగరాదే, చేపలు ఖరాబైతయి..."

"నేను గుడ గట్లనే అన్న అక్కా. గట్లనే అని పడిపోయిన."

బాలేష్ ఆ చేతిని చూశాడు. ఇంకేం అడగకుండా బండి తీశాడు.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ పుండు కోసి చీము తీసి, సూది వేసింది. "మంచి పని చేశారు. ఇంకో రోజు ఆగితే హైదరాబాదుకు పంపాల్సి వచ్చేది," అంది. లోపలి నుంచి కమలమ్మ, నర్మదను ఏడు తరాలూ కలిపి తిడుతుంటే బయట బెంచీ మీద నర్మదకు నవ్వాగలేదు. నవ్వుతూనే కండ్లు తుడుచుకుంది.

"రోజూ గంప ఇస్తున్న, నా కండ్లకు ఆనలే సూడు," అన్నాడు బాలేష్.

"బజార్ల ఇంకెందరున్నరో గట్ల. నేను ఆడ ఉండాలె. ముల్లు తాకినోళ్లను జుట్టు వట్టుకోనైనా ఈడికి తోల్కొస్త. గంగమ్మ కాళ్లు వట్టుకోని నేను చెప్పుకుంట. నన్ను బతికిచ్చిన తల్లికి గీ మాట అర్థం గాదా?"

బాలేష్ తువ్వాల భుజాన వేసుకున్నాడు. "నేను గుడ వస్త గుడికి. బజార్ల బేరం నువ్వు చెయ్యి. చేప ముట్టకు, నేనే కోస్త."

"ఆడోళ్ల నడుమ కూసోని కోస్తవా? నవ్వరా?"

"నవ్వనియ్యి. నువ్వు లోపట ఉన్ననాడు, అందరు సూస్తుండంగ దవాఖాన నేల మీద పడి ఏడ్సిన. అంతకన్న సిగ్గేమున్నది?"

ఆ సంగతి నర్మదకు తెలియదు. ఇన్నాళ్లూ వచ్చినవాళ్లంతా ఆమెనే పలకరించారు. ఈయనను పలకరించినవాళ్లు లేరు, తాను కూడా పలకరించలేదు. ఆమె అతని వైపు తిరిగింది.

"గా దినాలల్ల నువ్వేం తిన్నవయ్యా?"

బాలేష్ చెప్పబోయాడు.  తువ్వాలలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత మనిషి ఏడుస్తుంటే నర్మద వీపు నిమురుతూ ఉండిపోయింది. ఎంత వెతికినా దొరకని కృతజ్ఞత అప్పుడు వచ్చింది, గుండె నిండా వచ్చింది. ఈ మనిషిని ఈ మాట అడగడానికైనా తాను బతకాల్సిందే.

"లే," అంది. "కమలక్క బయటికొచ్చే లోపల ఏమన్న తిందువు, పా."