అత్త కూర్చున్న సీటు

విజయనగరంలో నరేష్ అద్దెకుంటున్న ఇంటి ముందు ఆ పూట ఎండ ఇంకా గోడ దిగలేదు. పక్కింట్లో కుక్కర్ కూత, వీధిలో పాలబండి హారన్, అన్నీ రోజూ ఉండేవే. కారు తలుపులు బార్లా తెరిచి, గోరువెచ్చని నీళ్లలో కాస్త షాంపూ కలిపి, మెత్తని గుడ్డ ముంచి, చుక్క కారకుండా పిండాడు. రెగ్జిన్ సీటుకి తడి ఎక్కువైతే చారలు పడతాయి. మరక ఉన్నచోటే పట్టుకుని రుద్దితే అక్కడ రంగు వెలిసిపోతుంది. ఈ కుట్టు నుంచి ఆ కుట్టు దాకా ఒకే తీరుగా తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్ది, నీడలో ఆరనివ్వాలి. ఇప్పుడివన్నీ అతనికి తెలుసు. తెలియాల్సిన రోజున తెలియలేదు. ఆ రోజున సిగ్గు కూడా లేదు మరి.

డ్రైవరు పక్క సీటు నడుమ చాటంత మచ్చ ఉంది. లేత గోధుమ రంగు పోయి పాలిపోయింది. అది శానిటైజర్ చేసిన పని. పాపం శానిటైజర్ని అని ఏం లాభం, చిమ్మింది ఇతనే కదా.

మేనత్త నారాయణమ్మ చింతపల్లి తీరంలో చేపలమ్మేది. చిన్నప్పుడే తల్లి పోయిన నరేష్‌ని ఆవిడే పెంచింది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి చదివించింది. వాడు ఉద్యోగం చేసి కారు కొన్నాక, మొన్న వేసవిలో అత్తని ఎక్కించుకుని విజయనగరం తీసుకొచ్చాడు. దారంతా ఆవిడ సీటు నిమురుకుంటూ మురిసిపోయింది. మార్కెట్ దగ్గర దిగి పట్టుమని పది అడుగులు వేసిందో లేదో, మన బాబు సీసా తీసి సీటంతా చిమ్మి బరబరా రుద్దడం మొదలెట్టాడు. కొత్త కారుకి నీచు వాసన పట్టేస్తుందని వాడి బెంగ. ఆవిడ ఏదో చెప్పబోయి వెనక్కి తిరిగింది. చూసింది. అలాగే మార్కెట్లోకి వెళ్లిపోయింది.

వానాకాలంలో అత్త జ్వరమొచ్చి చనిపోయింది. ఈ రోజు పెద్దకర్మ. నిన్న ఆవిడ కూతురు రాజకుమారి ఫోన్ చేసింది.

"బావా, అమ్మ ఫొటోకి ఫ్రేము కట్టించినావు గదా. ముందు సీట్లో ఎట్టి తీసుకురా. నీ కారెక్కినానని ఊరంతా సెప్పుకున్నాది. మళ్లీ ఎప్పుడెక్కిస్తాడోనని సూసింది పాపం."

తుడిచిన సంగతి అత్త ఎవరికీ చెప్పలేదన్నమాట. రాజకుమారి మచ్చ చూస్తే ఇదేటని అడుగుతుంది. ఏం చెప్పాలి? పెంచిన మనిషి కూర్చున్న చోటు కడుక్కున్నానని ఏ మొహంతో చెప్పాలి? అందుకే తెల్లారేసరికి గుడ్డ పట్టుకున్నాడు.

తడిగా ఉన్నంతసేపూ మచ్చ కనిపించలేదు. ఆరుతుంటే మళ్లీ తేలింది. ఇంకోసారి తుడిచి, అరచెయ్యి ఆనించాడు. చుట్టూ చల్లగా ఉంది. మచ్చ మాత్రం వెచ్చగా ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు. ఎండ తగిలిందేమో అనుకున్నాడు. ఎండ ఇంకా గోడ మీదే ఉంది.

వేళ మించిపోతోంది. తడి సీటు మీద పెట్టలేక ఫొటోని వెనక సీట్లో పడుకోబెట్టాడు. పెడుతుంటేనే మనసు చివుక్కుమంది. అయినా బయల్దేరాడు.

హైవే ఎక్కి అద్దాలు బిగించాడు. కాసేపటికి వాసన మొదలైంది. ముందు సన్నగా ఉప్పుగాలి. తర్వాత తడిసిన తట్ట. ఆ తర్వాత నీచు... గొంతులోకి దిగేంత నీచు. అద్దం దించాడు. చేలమీది గాలి మొహాన కొట్టింది. వాసన కదల్లేదు.

టింగ్... టింగ్... టింగ్...

డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. పక్క సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే వెలిగే దీపం అది.

బండి పక్కకి తీసి ఆపాడు. మెడ తిరగలేదు. కంటి చివర సీటు కనిపిస్తూనే ఉంది. ఖాళీ. కానీ రెగ్జిన్ నడుమ గుంట పడి ఉంది... చుట్టూ ముడతలు... ఒక ముడత మెల్లగా కదిలింది.

"అత్తా... తప్పైపోనాది అత్తా..."

టింగ్... టింగ్...

బెల్టు లాగి, ఆ ఖాళీ మీదుగా తగిలించాడు. బెల్టు సీటుకి ఆనలేదు. గాలిలోనే బిగుసుకుని ఆగిపోయింది. దీపం ఆరింది.

ఊళ్లో షామియానా కింద జనం ఉన్నారు. రాజకుమారి ఎదురొచ్చి ముందు తలుపు తీసింది. నరేష్ కళ్లు మూసుకున్నాడు.

"ఎంత బాగా ఉంచుకున్నావు బావా! మచ్చన్నది లేదు."

కళ్లు తెరిచాడు. నిజమే. సీటంతా ఒకే రంగు. బెల్టు ఎప్పటిలాగే పక్కన వేలాడుతోంది. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాడు, పీల్చుకున్నందుకు మళ్లీ సిగ్గుపడ్డాడు. ఫొటోని పూలదండ దగ్గర పెట్టి, వచ్చి ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి పెద్దాయన గంగరాజు మావ రావడం చూసి, మర్యాదకి లేచి ఆ కుర్చీ ఇచ్చాడు.

కూర్చోబోయి మావ ఆగాడు. "ఎవుల్రా కుర్సీ తడిపినారు?"

నరేష్ ఇంకో కుర్చీలోకి మారాడు. కూర్చుని, వెంటనే లేచి, వెనక్కి చూశాడు. కుర్చీ తడిగా ఉంది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే తీరుగా తుడిచి ఉంది. ఒక్క చార లేదు.

రాజకుమారి అది చూసింది. దగ్గరకొస్తే అమ్మ చేపల తట్ట వాసన కొట్టింది. ఎవరికీ వినపడకుండా అడిగింది. "బావా... నువ్వు లేస్తే ఎవరు తుడుస్తన్నారు? అమ్మకి ఏటి సేసినావు?"

నరేష్ ఆ తడి మీదే గబుక్కున కూర్చున్నాడు.

భోజనాలకి పిలిచారు. అందరూ లేచారు, అతను లేవలేదు. వీపు వెనక ఎవరో గుడ్డ పిండుతున్నారు. ఇసకలో చుక్కలు పడుతున్నాయి... ఆగాయి. నీచు వాసన కుర్చీకి ఆనుకుని నిలబడింది, అతను ఎప్పుడు లేస్తాడా అని.