నాన్నని తన్నినవాడు

“మీరేనా మా నాన్నని తన్నింది?”

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక సందులో, ఎలక్ట్రానిక్ కాటాలు రిపేరు చేసే షాపులో కూర్చున్న లోహిత్ స్క్రూడ్రైవర్ కిందపెట్టి తలెత్తాడు. ఎదురుగా తెల్లకోటు. కోటులో ఒక అమ్మాయి. ఆ అమ్మాయి కళ్లలో నిప్పులు.

“ఎప్పుడండి? నిన్నా, అంతకుముందు ఆదివారమా?” అన్నాడు మర్యాదగా.

“నిన్న.”

“నిన్న చాలామంది నాన్నలొచ్చేరండి. నాకు ముఖాలు గుర్తుండవు, నడుములైతే గుర్తుంటాయి. మీ నాన్నగారి నడుం ఎలగుంటాది?”

“కుడిపక్కకి ఒరిగుంటాది. నీలంచారల చొక్కా.”

“ఆఁ, చెరుకు మోపులెత్తే నడుం! ఇప్పుడెలగున్నారండి?”

“తగ్గిపోయిందని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు.”

“మంచిదే కదండి.”

“ఏటి మంచిది? నేను ఫిజియోథెరపిస్టుని. నడుం నొప్పుల మీదే మాస్టర్స్ చేసేను. రింగురోడ్డులో క్లినిక్ ఉంది, ధనశ్రీ ఫిజియోథెరపీ అని బోర్డు. మా నాన్న ఆ బోర్డు ముందునుంచే ఆటోలో వచ్చి మీచేత తన్నించుకుని పోయేడు.”

లోహిత్ సారీ చెబుదామంటే ఆయనకి తగ్గిందంటున్నారు. సంతోషమండి అందామంటే ఆమె చేతిలో హెల్మెట్ ఉంది.

నిజానికి అతని తప్పు పుట్టుకలోనే ఉంది. లోహిత్ ఎదురుకాళ్లతో పుట్టాడు. అలా పుట్టినవాడు నడుం మీద తన్నితే పట్టు వదులుతుందని మనవైపు పెద్దల నమ్మకం. అతనికి ఊహ తెలిసినప్పటినుంచీ ఆదివారం పొద్దున్నే వాళ్ల అరుగు ముందు జనం గోడకి తిరిగి నిలబడేవారు. తన్నించుకున్నవాళ్లు మాట్లాడకూడదు, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోవాలి. “నన్ను చంపినంత పని చేసి పుట్టేవు, పదిమందికైనా పనికిరా” అని వాళ్లమ్మ నూకరత్నం నిద్రలేపి మరీ తన్నించేది. పెద్దయ్యాక ఒకచోట పెళ్లిచూపులకి వెళితే, కాఫీ ఇచ్చేలోపే పెళ్లికూతురి బాబాయి చొక్కా పైకెత్తి వెనక్కి తిరిగాడు. ఆ సంబంధం కుదరలేదు గానీ బాబాయికి మాత్రం తగ్గింది.

“గట్టిగా తన్ననండి. ఊరికే కాలు ఆనించి తీసేస్తాను” అన్నాడు లోహిత్.

“కాలు తిమ్మిరెక్కినవాళ్లొస్తే? ఒంటేలు మీద పట్టు తప్పినవాళ్లొస్తే? అలాంటివాళ్లు అరగంట కూడా ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. మీ అరుగు ముందు నిలబడి ఆలస్యం చేస్తే జన్మంతా మంచానికే. తెలుసా మీకు?”

“తెలీదండి” అన్నాడు లోహిత్. తను తన్నిన అంతమంది నడుములు ఒక్కసారిగా కళ్లముందు కదిలాయి.

ధనశ్రీ ఆ దారంతా తగవుకి సిద్ధపడి వచ్చింది. అతను వాదించకపోయేసరికి తెచ్చుకున్న మాటలన్నీ మిగిలిపోయాయి. “నీళ్లున్నాయా?” అని అడిగి, తాగి, వెళ్లిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం లోహిత్ ధనశ్రీని బతిమాలి పిలుచుకొచ్చి, అరుగు మీద కొత్త పద్ధతి పెట్టాడు. ముందు డాక్టరమ్మ చూడాలి. ఆమె సరే అంటేనే తన్ను. జనం అభ్యంతరం చెప్పలేదు, దేవుడి దర్శనానికి ముందు కాళ్లు కడుక్కోమన్నట్టు తీసుకున్నారు. ధనశ్రీ ఒక్కొక్కరినీ వంగమని, కాలెత్తమని, మడమల మీద నడవమని చూసేది. అనుమానం ఉన్నవాళ్లని ఆస్పత్రికి పంపేది. మిగిలినవాళ్లని క్లినిక్‌కి పిలిచి, బిగుసుకున్న నడుముని చేత్తో వదులుచేసి వ్యాయామం నేర్పేది.

ఆ వైద్యం ఆమెది, పేరు మాత్రం అతని కాలిది.

“ఒక ముసలావిడ నడుం వదులుచేసి వారాల తరబడి నా బొటనవేళ్లు అరిగిపోయేయి” అంది ధనశ్రీ ఒకరోజు. “ ఆవిడేటందో తెలుసా? ‘బాబు కాలు మాచెడ్డ చలవమ్మా’ అంది.”

“నా కాలికి నేనేటి చెప్పగలనండి. అది చిన్నప్పట్నుంచీ అంతే.”

ఆమె నవ్వకూడదనుకుంది. ఆదివారాలు గడిచేకొద్దీ ఆ సంకల్పం నిలవలేదు. తన్ను అవసరం లేనివాళ్లు కూడా వస్తున్నారని అతను విసుక్కునేవాడు. తను అవసరం లేని ఆదివారాలు కూడా వస్తున్నానని ఆమె గమనించలేదు. నూకరత్నం గమనించి, ఉప్మాలో జీడిపప్పు వేయడం మొదలుపెట్టింది.

ఒక తుఫాను వానలో లోహిత్ తడిసి క్లినిక్‌కి వచ్చాడు. పెద్ద కాటా ఎత్తబోయి నడుం పట్టేసింది. తనని తానే తన్నుకోవడం ఎదురుకాళ్లవాడికి కూడా సాధ్యం కాదు.

నొప్పి కాస్త తగ్గాక ధనశ్రీ పరీక్ష చేసింది. “ముందుకి వంగండి.”

వంగాడు. వేళ్లు మోకాళ్ల దగ్గర ఆగిపోయాయి.

“ఇంకా.”

“ఇదే ఇంకా అండి.”

“ఊరందరి నడుములూ బాగుచేసే మనిషి నడుం ఇదా? తొడ వెనక కండరాలు చూడండి, కర్రలు.”

ఆ రోజునుంచి వారం వారం వైద్యం జరిగింది. అతను బల్ల మీద బోర్లా పడుకునేవాడు. ముఖం కింద బల్లకి కన్నం, కన్నంలోంచి నేల, నేల మీద ఆమె చెప్పులు. ప్రేమించడానికి అదేమంత వీలైన దృశ్యం కాదు. అతను అలాగే సర్దుకున్నాడు.

ఒకరోజు ఆమె చేతులు ఉన్నట్టుండి ఆగాయి.

“వచ్చే వారంనుంచి మీరు రావద్దు. విశాఖలో మా సీనియర్ ఉన్నాడు, అక్కడికెళ్లండి.”

“తగ్గిపోయిందాండి?”

“తగ్గలేదు. పేషెంట్‌ని ప్రేమించకూడదు. మాకు రూల్ ఉంది.”

బయట రేకుల మీద వాన దంచుతోంది.

“ఎవర్నండి?” అని లోహిత్ నేలని అడిగాడు.

“ఈ బల్ల మీద ఇంకెవరున్నారు?”

అతను గబుక్కున లేవబోయాడు. “అలా లేవకూడదు! పక్కకి తిరిగి, చెయ్యానించి లేవాలి!” అని అరిచింది. అతను పక్కకి తిరిగి, చెయ్యానించి, నెమ్మదిగా లేచి కూర్చుని, “నేను కూడానండి” అన్నాడు.

ఫాల్గుణంలో, చెరుకు పని తెమిలాక, నూకరత్నం కొడుకుని వెంటబెట్టుకుని ధనశ్రీ వాళ్ల ఊరు వెళ్లింది. కాటాల షాపు కుర్రాడని మాత్రమే కూతురు చెప్పి ఉంచింది. వాకిట్లో నిలబడ్డ ధనశ్రీ తండ్రి సత్తియ్య, కుర్రాడిని కిందినుంచి పైకి చూసి గుర్తుపట్టాడు.

కాఫీలు తాగేదాకా ఏమీ అనలేదు. గ్లాసు కిందపెట్టి మొదలుపెట్టాడు.

“కుర్రాడు మంచోడే. నాను కాదనను. కానీ కన్యాదానంలో ఈ బాబు కాళ్లు నాను కడగాల. నన్ను తన్నిన కాళ్లు! కడిగి ఆ నీళ్లు నెత్తిన జల్లుకోవాల. ‘సత్తియ్య తన్నించుకుని మరీ పిల్లనిచ్చేడు’ అనరేటి ఊర్లో?”

“మెల్లగానే తన్నేనండి” అన్నాడు లోహిత్.

“మెల్లగా తన్నితే తన్ను కాదేటి?”

“అది తన్నడం కాదన్నయ్యగారూ, వైద్యం” అంది నూకరత్నం.

“వైద్యమైతే వైద్యం కాడే ఉండమనండి సెల్లెమ్మా. ఈ సంబంధం నాకొద్దు.”

ధనశ్రీ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. నాన్న కాదంటే తను ఆ గుమ్మం దాటదు. ఆ సంగతి ఆమెకి తెలుసు, లోహిత్‌కీ తెలుసు.

సత్తియ్య కోపంగా కుర్చీలోంచి లేచాడు. సగం లేచాడు. మిగతా సగం లేవలేదు.

“అబ్బా… ఓలమ్మో!”

అందరూ లోహిత్ కాలు వైపు చూశారు.

“ఒరే, చూస్తావేటి? తన్ను!” అంది నూకరత్నం.

సత్తియ్య కూడా వంగినవాడు వంగినట్టే గోడకి తిరిగాడు. “ఒక్క తన్ను తన్నీ బాబూ. సంబంధం సంగతి తరవాత సూద్దాం.”

లోహిత్ కాలు కదపలేదు. “తన్ననండి.”

“ఏటీ?”

“ఇంట్లో అంత చదువుకున్న చేతులుంచుకుని నా కాలెందుకండి? మీరు నాచేత తన్నించుకున్న మర్నాడు మీ అమ్మాయి నా షాపుకొచ్చి తిట్టింది. కోపమనుకున్నాను. తరవాత చెప్పింది, ఆ రోజు దారంతా ఏడుస్తూ బండి నడిపిందంట. మీరు నాకు పిల్లనివ్వకపోయినా సరే. మీ నడుం మాత్రం ఆవిడకే చూపించండి.”

ధనశ్రీ లోపలికి వెళ్లి నూనె గిన్నె తెచ్చి, చాప పరిచింది. తండ్రిని పట్టుకుని నెమ్మదిగా బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెట్టింది. అంత చదువు చదివాక ఆమె నాన్న నడుం మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు.

“ఎందుకు నాన్నా?” అంది. “నేనంత పరాయిదాన్నా?”

సత్తియ్య చాపతో మాట్లాడాడు. “పరాయేటమ్మా. నీకు సూపిత్తే పొలం మానీమంటావని బయమేసింది. ఈ బాబైతే ఏటీ అడగడు, తన్ని పంపేత్తాడు.”

“మానమనను. మోపెలా ఎత్తాలో నేర్పుతాను. ఊపిరి తీసి వదులు.”

తీసి వదిలాడు. ఆమె వేళ్ల కింద కండరం కొంచెం కొంచెంగా సడలింది. చాలాసేపు అలా జరిగింది. నూకరత్నం గ్లాసు అడుగున చల్లారి మిగిలిన కాఫీ కూడా తాగేసింది.

“అమ్మా.”

“నొప్పా నాన్నా?”

“కాదు. పీట మీద కూకుని ఒకలి కాళ్లు కడగాలంటే ఎంత ఒంగాల?”

ధనశ్రీ చేతులు ఆగిపోయాయి.

“బాగానే… బాగానే వంగాలి నాన్నా.”

“నాకొత్తాదా?”

“రోజూ చేస్తే వైశాఖానికి వస్తుంది.”

“అయితే సెల్లెమ్మా, ముహూర్తం వైశాఖంలో పెట్టించండి. ఈలోగా పెడితే నాను ఒంగలేను.”

ధనశ్రీ రెండు చేతులకీ నూనె. కళ్లు భుజానికి తుడుచుకుంది. “ఊపిరి వదులు నాన్నా” అంది, ఆయన ఎప్పుడో వదిలేసినా.

లోహిత్ కాసేపు తన కాళ్ల వైపు చూసుకున్నాడు. తర్వాత ఎవరికీ చెప్పకుండా పెరట్లోకి వెళ్లి, సబ్బు అడిగి, వాటిని శుభ్రంగా కడుక్కొచ్చాడు.